పక్కన ఒక్కరు, మూడు రాత్రులు



ఇవాళ పెద్దవాళ్ళ ఆపరేషన్ల గురించి మాట్లాడుకుందాం. కోతా కుట్టూ డాక్టర్ల పని. మనం దాని జోలికి పోవద్దు. ఆపరేషన్‌కి ముందు పెద్దవాళ్ళకి భయం పట్టుకుంటుంది. ఆపరేషన్ అయ్యాక కొందరికి రెండు మూడు రోజులు మతి తికమకపడుతుంది. ఈ రెండూ ఇంట్లోవాళ్ళు చూసుకోవాల్సిన సంగతులు. వీటి గురించి చాలా చెప్తాను గానీ, మీరు ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. ఆపరేషన్ అయిన పెద్ద మనిషి పక్కన తెలిసిన మనిషి ఒక్కరు, మూడు రాత్రులు ఉండాలి. పదిమంది అక్కర్లేదు. ఒక్కరు, మూడు రాత్రులు.

ఒక ఇంటి సంగతి ఊహించుకోండి. పర్చూరు పక్కన ఒక ఊరు. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. ఇంటిల్లిపాదీ చేలోనే. ఇంట్లో 76 ఏళ్ళ పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. తడి గచ్చు మీద కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. గుంటూరు తీసుకెళ్ళారు. ఆపరేషన్ బాగానే అయింది. సాయంత్రం కళ్ళు తెరిచాడు. కొడుకుతో రెండు మాటలు మాట్లాడాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

రెండో రోజు రాత్రి మొదలైంది. "ఎద్దులు విప్పుకున్నాయి, చేలో పడతాయి, లేవండ్రా" అని అరిచాడు. ఆ ఇంట్లో ఎద్దులు అమ్మేసి ఎన్నేళ్ళయిందో! సెలైన్ గొట్టం లాగేశాడు. కొడుకుని చూసి "నువ్వెవరివి?" అన్నాడు. నర్సమ్మ మందు వేయబోతే "విషం పెడుతున్నారు" అన్నాడు. తెల్లారింది. మనిషి మామూలుగా ఉన్నాడు. కాఫీ అడిగాడు. కూతురు ఎప్పుడొస్తుందన్నాడు. పొద్దుగూకేసరికి మళ్ళీ అదే వరస.

ఇక బంధువులు తలా ఒక మాట అంటారు. మత్తు తలకెక్కిందంటారు ఒకరు. గాలి సోకింది, తాయెత్తు కట్టించమంటారు ఇంకొకరు. పిచ్చి పట్టిందని గుడ్ల నీరు కుక్కుకుంటాడు కొడుకు. వినండి. ఇది పిచ్చి కాదు. గాలీ కాదు, ధూళీ కాదు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. మన పెద్దలు సంధి అనేవాళ్ళు. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు మెదడు కొన్నాళ్ళు తడబడుతుంది. అంతే.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. జ్వరంలో ఉన్న రోగి దుప్పటి మీద లేని నూలుపోగులు ఏరుతుంటాడని గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ రెండు వేల ఏళ్ళకు పైబడి కిందటే రాశాడు. జీవితమంతా పత్తి తీసిన మన పల్లెటూరి అమ్మ కూడా అంతే. ఆసుపత్రి దుప్పటి మీద వేళ్ళు ఆడిస్తూ, పత్తి ఏరి ఒళ్ళో వేసుకుంటున్నట్టు చేస్తుంది. చూసినవాళ్ళకి కడుపు తరుక్కుపోతుంది. ఆ చేతుల్ని కట్టెయ్యొద్దు. నర్సుకి చెప్పాలి.

అసలు ఎందుకిలా అవుతుంది? మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌ని తలుచుకోండి. పాతది. మామూలు రోజుల్లో బాగానే నడుస్తుంది. త్రీఫేజు కరెంటు వచ్చిన వేళ అందరూ ఒక్కసారే మోటార్లు వేస్తారు. ఇంట్లో బల్బు మినుకుమినుకుమంటుంది. బల్బు మాడిపోయిందా? లేదు. లోడు ఎక్కువైంది. నాలుగు మోటార్లు ఆపితే బల్బు మళ్ళీ వెలుగుతుంది. వయసు మళ్ళిన మెదడు ఆ పాత ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది. నొప్పి ఒక మోటారు. నిద్ర లేకపోవడం ఇంకొకటి. ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, చీము పట్టడం, కొన్ని రకాల మందులు, కొత్త చోటు, కొత్త మొహాలు, ఇవన్నీ మోటార్లే. ఒకటో రెండో అయితే తట్టుకుంటుంది. అన్నీ ఒకేసారి పడితే తట్టుకోలేదు.

కాబట్టి మన పని ఏమిటి? లోడు తగ్గించడం. కొన్ని మోటార్లు డాక్టర్లు ఆపుతారు. కొన్ని ఇంట్లోవాళ్ళే ఆపగలరు.

ఇది ఎవరికి ఎక్కువగా వస్తుంది? 65 ఏళ్ళు దాటినవాళ్ళకి. ముందు నుంచే మతిమరుపు ఉన్నవాళ్ళకి. చూపు, వినికిడి తగ్గినవాళ్ళకి. రోజూ మందు తాగేవాళ్ళకి. అన్నిటికన్నా ఎక్కువగా తుంటి విరిగి, హడావుడిగా ఆపరేషన్‌కి వెళ్ళినవాళ్ళకి. తుంటి విరిగితే మిరపకాయలు అమ్ముడుపోయాక చూద్దాం అనుకోవద్దు. వీలైనంత వరకు ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలి. ఆలస్యమైన కొద్దీ నొప్పి, మంచాన పడి ఉండటం, అన్నీ లోడే.

ఇంకో మాట. నడుముకి మత్తిస్తే తికమక రాదనీ, పూర్తి మత్తిస్తేనే వస్తుందనీ చాలామంది అనుకుంటారు. అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో తుంటి విరిగిన 1600 మందిని పరీక్షించి 2021లో లెక్క తేల్చారు. సగం మందికి నడుముకి, సగం మందికి పూర్తి మత్తు. రెండు వైపులా ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి తికమక వచ్చింది. తేడా లేదు. ఏ మత్తు ఇవ్వాలో మత్తు డాక్టరు చూసుకుంటారు. తప్పంతా మత్తు మీదికి తోసేసి మనం చేతులు కట్టుకు కూర్చుంటే కుదరదు.

ఇప్పుడు ఆపరేషన్‌కి ముందు రోజుకి వద్దాం. పెద్దవాళ్ళు భయాన్ని నోటితో చెప్పరు. "నాకేం భయం, ఎప్పుడో రాసిపెట్టి ఉంటుంది" అంటారు. అన్నం సగంలో వదిలేస్తారు. పొలం కాగితాలు ఎక్కడున్నాయో చెప్తారు. మంగళవారం వద్దంటారు, అమావాస్య వెళ్ళనిమ్మంటారు. అదంతా భయమే. ఆ భయంతో రాత్రి నిద్ర పోరు. నీళ్ళు తాగరు. ఆపరేషన్‌కి ముందే లోడు మొదలైపోతుంది.

మనవాళ్ళు ఏం చేస్తారు? దాస్తారు. "చిన్న గడ్డే నాయనా, సూది వేసి పంపించేస్తారు" అంటారు. ఆయన లోపలికి వెళ్ళేసరికి లైట్లు, మాస్కులు, ముందు పెట్టిన సంతకాల కాగితం. అందులో ప్రాణాపాయం అన్న మాట. కొడుకే అబద్ధం చెప్పాడంటే ఇంకెవరిని నమ్మాలి? దాచొద్దు. అలాగని భయపెట్టొద్దు. ఉన్నమాట చిన్న చిన్న ముక్కలుగా చెప్పండి. "తుంటికి రాడ్డు వేస్తారు నాయనా. మత్తిస్తారు, కోసేటప్పుడు నీకు నొప్పి తెలియదు. లేచాక కొంచెం నొప్పి ఉంటుంది, దానికి మందిస్తారు. నువ్వు కళ్ళు తెరిచేటప్పటికి నేను బయట ఉంటాను. లోపలికి రానివ్వగానే వస్తాను." ఇంతే. ఈ మాట రెండు మూడు సార్లు చెప్పండి. పెద్దవాళ్ళు ఒక్కసారి వింటే సరిపోదు.

ఇంకో భయం డబ్బు. "నా కోసం పిల్లల నెత్తిన అప్పు పడుతుంది" అని లోలోపల కుములుతారు. పేదలకి ఉచితంగా ఆపరేషన్లు చేయించే ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలైంది. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. మీ ఆపరేషన్ అందులోకి వస్తుందేమో ఆసుపత్రి హెల్ప్ డెస్కులో ముందే అడగండి. వస్తే ఆ మాట అక్కడివాళ్ళతోనే పెద్దాయనకి చెప్పించండి. సగం భయం అక్కడే తగ్గుతుంది.

మత్తు ఇచ్చాక మళ్ళీ లేవనేమో అన్న భయం మరీ పాతది. 1888లోనూ 1889లోనూ నిజాం ప్రభుత్వ ఖర్చుతో మన హైదరాబాదులోనే క్లోరోఫారం మత్తు మీద పరీక్షలు జరిపారు. వాటి వెనక ఉన్న డాక్టరు ఎడ్వర్డ్ లారీ. మత్తు ఇచ్చేవాడు రోగి ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలని ఆయన పట్టుబట్టాడు. హైదరాబాదు వైద్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలోనే మత్తు ఇవ్వడంలో పేరు తెచ్చుకుంది. ఇవాళ ఊపిరే కాదు, గుండె కొట్టుకోవడం, రక్తంలో ఆక్సిజన్, బీపీ, అన్నీ తెర మీద కనిపిస్తాయి. ఆపరేషన్ అయ్యేదాకా తల దగ్గర ఒక మనిషి కూర్చుని వాటిని చూస్తూనే ఉంటారు. ఈ సంగతి మన పెద్దవాళ్ళకి చెప్పండి. మత్తు డాక్టరు ముందు చూడటానికి వస్తారు కదా, ఆయన్నే నేరుగా అడగనివ్వండి. "నీకెందుకు, నువ్వు ఊరుకో నాయనా" అని నోరు నొక్కొద్దు.

ఆ మత్తు డాక్టరుకి మనం చెప్పాల్సినవీ ఉన్నాయి. వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. పేర్లు గుర్తులేకపోయినా సంచి చూపిస్తే సరిపోతుంది. ముందెప్పుడైనా జ్వరంలోనో, ఆపరేషన్ తర్వాతో ఇలా తికమకపడి ఉంటే చెప్పండి. ఈ మధ్య మతిమరుపు పెరిగితే చెప్పండి. నిద్ర మాత్ర అలవాటుంటే చెప్పండి. అలవాటు లేకపోతే, భయం తగ్గుతుందని మందుల షాపులో కొని వెయ్యొద్దు. నిద్ర మాత్రలు, కొన్ని జలుబు మాత్రలు, దురద మాత్రలు పెద్దవాళ్ళ మెదడుని ఇంకా తికమక పెడతాయి.

తాగుడు సంగతి మరీ ముఖ్యం. మన ఇళ్ళల్లో దాచేది ఇదే. రోజూ సాయంత్రం తాగే మనిషి ఆసుపత్రిలో ఒక్కసారిగా ఆపేస్తాడు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య ఒళ్ళంతా వణుకు పట్టొచ్చు, లేనివి కనిపించొచ్చు, ఫిట్స్ రావచ్చు. అది ప్రాణానికే ముప్పు. ముందే చెప్తే డాక్టర్లు దానికి మందు ఇస్తారు. కోడలి ముందు చెప్పడానికి సిగ్గయితే, డాక్టరుని పక్కకి పిలిచి చెప్పండి. చుట్ట అలవాటున్నా చెప్పండి. ఈ విషయంలో పరువు చూసుకుంటే మనిషి మిగలడు.

ఆపరేషన్ గదిలోకి పంపేముందు కళ్ళజోడు, చెవి మిషను, కట్టుడు పళ్ళు తీసి మన చేతికిస్తారు. మనం సంచిలో వేస్తాం. ఆ సంచి ఇంటికి వెళ్ళిపోతుంది. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. పెద్దాయన కళ్ళు తెరుస్తాడు. కళ్ళజోడు లేదు, అన్నీ మసక. చెవి మిషను లేదు, మాట వినపడదు. ఎవరో తెల్లకోటు మనిషి తన మీదికి వంగి ఉన్నాడు. ఎవరికైనా భయమే కదా! పూర్వం కంటి శుక్లాలకి ఆపరేషన్ చేసి, రెండు కళ్ళకీ కట్టు కట్టి రోజుల తరబడి పడుకోబెట్టేవాళ్ళు. అప్పట్లో పెద్దవాళ్ళకి ఈ తికమక తరచుగా వచ్చేది. ఇప్పుడు ఒక కంటికి చేసి అదే రోజు ఇంటికి పంపిస్తున్నారు. ఆ బాధ బాగా తగ్గిపోయింది. చూపు మెదడుకి అంత ఊత. కాబట్టి ఆ సంచి ఆసుపత్రిలోనే ఉండాలి. డాక్టరు సరేనన్న వెంటనే కళ్ళజోడు పెట్టండి, చెవి మిషను పెట్టండి, పళ్ళు పెట్టండి.

ఇక ఆ మూడు రాత్రులు. పక్కన ఉండే ఆ ఒక్క మనిషి ఏం చెయ్యాలి? మొదటిది, తనెవరో చెప్పాలి. "నేను నీ చిన్నోణ్ణి నాయనా. ఇది గుంటూరు ఆసుపత్రి. తుంటికి ఆపరేషన్ అయింది. ఇవాళ బుధవారం, సాయంత్రం ఆరయింది." పూటపూటకీ ఈ నాలుగు మాటలే చెప్పాలి. విసుక్కోకూడదు. "ఇందాకే చెప్పాను కదా" అనకూడదు. ఎద్దులు విప్పుకున్నాయంటే వాదించొద్దు. అవును, తోలుకొస్తానని నాటకమూ ఆడొద్దు. "ఎద్దుల సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, నేను పక్కనే ఉన్నా" అంటే సరిపోతుంది.

రెండోది, పగలు పగల్లా ఉండాలి, రాత్రి రాత్రిలా ఉండాలి. తెల్లారగానే కిటికీ తెరవండి. మొహం కడిగించండి. ఇంట్లో రోజూ రేడియోలో వార్తలు వినే మనిషైతే ఫోనులో అవే వార్తలు మెల్లగా వినిపించండి. పొద్దున్నయిందని మెదడుకి తెలుస్తుంది. డాక్టరు చెప్పాక కూర్చోబెట్టండి, నాలుగడుగులు వేయించండి. నీళ్ళో, గంజో, మజ్జిగో, డాక్టరు ఇవ్వమన్నది కొద్దికొద్దిగా తాగించండి. రాత్రి ఫోను మాటలు ఆపండి. వీలైతే లైటు తగ్గించండి. నొప్పిగా ఉందా, విరేచనం అయిందా, మూత్రం వస్తోందా, కనుక్కుని నర్సుకి చెప్పండి. మూత్రం గొట్టం ఎప్పుడు తీస్తారని రోజూ ఒకసారి అడగండి. అవసరం తీరాక గొట్టం ఉండటం కూడా లోడే. ఐసీయూలో ఉంటే రాత్రంతా ఉండనివ్వరు. పూటకి ఐదు నిమిషాలైనా లోపలికి వెళ్ళనివ్వమని అడగండి. తెలిసిన గొంతు వినపడితే అదే పెద్ద ఊరట.

ఇప్పుడు పరామర్శల సంగతి. మన పల్నాడు, గుంటూరు, ప్రకాశం ఊళ్ళల్లో మనిషి ఆసుపత్రిలో ఉన్నాడంటే ఆటోల్లో దిగుతారు. అరటిపళ్ళు, బ్రెడ్డు, హార్లిక్సు. అభిమానమే, కాదనను. కానీ వచ్చిన ప్రతి ఒక్కరూ మంచం మీదికి వంగి "నన్ను గుర్తుపట్టావా?" అని పరీక్ష పెడతారు. గుర్తుపట్టకపోతే మొహం మాడ్చుకుంటారు, ఏడుస్తారు. మినుకుమంటున్న బల్బు మీద ఇంకో పది మోటార్లు వేసినట్టే అది. చూడాలనుకుంటే ఇంటికి వచ్చాక చూడండి. ఇప్పుడే వస్తే మీ పేరు మీరే చెప్పండి. చెయ్యి పట్టుకోండి. రెండు నిమిషాల్లో బయటికి వచ్చెయ్యండి.

ఇలాంటి పనులతో నిజంగా ఏమైనా ఒరుగుతుందా? ఒరుగుతుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ డాక్టరు షరాన్ ఇనోయ్, ఆమె తోటివాళ్ళు 1999లో లెక్కలతో చూపించారు. ఆసుపత్రిలో చేరిన, 70 ఏళ్ళు నిండిన 852 మందిని పరిశీలించారు. వాళ్ళు ఆపరేషన్ రోగులు కారు, మామూలు జబ్బులతో చేరినవాళ్ళు. సగం మందికి మామూలు వైద్యం. సగం మందికి దానితోపాటు, రోజూ వేళా చోటూ గుర్తుచెయ్యడం, నడిపించడం, నిద్ర పట్టేలా చూడటం, కళ్ళజోడూ చెవి మిషనూ అందించడం, నీళ్ళు తాగించడం. మామూలు వైద్యం అందినవాళ్ళలో నూటికి 15 మందికి తికమక వచ్చింది. ఈ సేవలు కూడా అందినవాళ్ళలో నూటికి 10 మందికే వచ్చింది. కొత్త మందు ఒక్కటీ ఇవ్వలేదు. అక్కడ ఈ పనులకి వాలంటీర్లని వెతికి, నేర్పించుకోవాల్సి వచ్చింది. మనకి ఇంట్లోనే మనుషులున్నారు. కాకపోతే పూటకొకరు మారుతుంటారు. నిలకడగా ఉండే ఒక్కరు కావాలి.

ఇంకో రకం తికమక ఉంది. అది కళ్ళకి కనపడదు. అరవరు, గొట్టాలు లాగరు. మగతగా పడుకునే ఉంటారు. పిలిస్తే ఊ అంటారు. అన్నం నోట్లో పెడితే నమలరు. "పాపం, బాగా నిద్రపోతున్నాడు, లేపొద్దు" అంటారు మనవాళ్ళు. అదీ డెలీరియమే. అరిచేవాళ్ళని అందరూ చూస్తారు. ఈ మౌనంగా ఉన్నవాళ్ళని ఎవరూ పట్టించుకోరు. ఎప్పటిలా లేడు అని మీకు అనిపిస్తే చాలు, నర్సుకి చెప్పండి. ఆ మనిషి ఎప్పుడూ ఎలా ఉంటాడో డాక్టరుకి తెలియదు, మీకు తెలుసు. షుగర్ పడిపోయిందా, ఉప్పు తగ్గిందా, చీము పట్టిందా అని వాళ్ళు పరీక్ష చేస్తారు. మూతి ఒక పక్కకి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక్క నిమిషం ఆగొద్దు. అది పక్షవాతం కావచ్చు.

తగ్గుతుందా అంటే, ఎక్కువమందికి కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. కొందరికి వారాలు పడుతుంది. కొందరికి జ్ఞాపకశక్తి మునుపటంత రాకపోవచ్చు కూడా. అందుకే రాకముందే జాగ్రత్త పడాలంటున్నాను. తగ్గాక ఆ రాత్రి మాటలు ఎత్తి ఎగతాళి చెయ్యొద్దు. "మమ్మల్ని తిట్టావు, కొట్టావు" అని దెప్పొద్దు. కొందరికి ఆ భయం లీలగా గుర్తుంటుంది. సిగ్గుతో చితికిపోతారు. ఇంటికి వచ్చాక మళ్ళీ తికమకపడితే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మంత్రగాడి దగ్గరికి కాదు.

హెర్నియా, మోకాలి మార్పిడి లాంటి ఆపరేషన్లకి చాలాసార్లు తేదీ మన చేతిలో ఉంటుంది. ఆలస్యమైతే ఫర్వాలేదని డాక్టరు అంటే, కల్లాల పని ముగిశాక పెట్టుకోండి. తోడు ఉండే మనిషి దొరుకుతారు. కోతల మధ్య ముంచుకొస్తే మాత్రం, కూలి పోయినా ఒక మనిషిని చేలోంచి తప్పించండి. మూడు రోజుల కూలి పోతుంది. పెద్దాయన మతి నిలబడుతుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆపరేషన్ ఉందా? అయితే తేదీ ఖాయం చేసుకున్న రోజే, మూడు రాత్రులు ఎవరుంటారో కూడా ఖాయం చెయ్యండి. ఆ పేరు పెద్దాయనకి చెప్పండి. కళ్ళజోడు, చెవి మిషను, కట్టుడు పళ్ళు ఉన్న సంచి ఆ మనిషి చేతికే ఇవ్వండి. ఈ మాట మీ వీధిలో ఇంకో నలుగురికి చేరవెయ్యండి.